రీపేమెంట్ ప్లాన్ నడుస్తున్నా రికవరీ ఫోన్లు ఆగడం లేదా? వరుసగా చేయాల్సిన పనులు

"మేనేజర్‌తో మాట్లాడాం, నెలకు ఇంతని ఒప్పుకున్నారు, తేదీ తప్పకుండా కడుతున్నాం. అయినా ఎవరో ఒకరు ఫోన్ చేసి మొత్తం ఇప్పుడే కట్టమంటున్నారు." పర్సనల్ లోన్, క్రెడిట్ కార్డు, బైక్ లోన్, గ్రూపు లోన్, ఏదైనా సరే, అడుగుతున్న వాళ్లందరి ప్రశ్న ఇదే.

ముందు ఒక సంగతి తెలుసుకుంటే సగం టెన్షన్ తగ్గుతుంది. మీకు ఫోన్ చేసే మనిషి చాలాసార్లు బ్యాంకు ఉద్యోగి కాదు, ఏజెన్సీ మనిషి. అతని ముందు ఉండేది పేరు, ఫోన్ నంబరు, బాకీ మొత్తం, గడువు దాటి ఎన్ని రోజులైందో చూపే లిస్టు. మీరు బ్రాంచిలో కుదుర్చుకున్న ప్లాన్ ఆ లిస్టులోకి ఎక్కకపోవచ్చు. ఎక్కినా, వచ్చే నెల మీ ఖాతా ఇంకో ఏజెన్సీకి వెళ్తే కథ మళ్లీ మొదటికే.

అందుకే అతనితో వాదించి గెలవాలని చూడొద్దు. ప్లాన్‌ను కాగితం మీదికి తెచ్చుకోవాలి, ప్రతి ఫోన్‌కూ ఆ కాగితాన్నే చూపించాలి, వినకపోతే అప్పిచ్చిన సంస్థనే నిలదీయాలి. ఏజెంట్ ఏం చేసినా జవాబుదారీ ఆ సంస్థదే. ఆర్‌బీఐ నిబంధనలు చెప్పేది కూడా అదే.

## 1. ముందుగా: ప్లాన్ రాతపూర్వకంగా ఉందా?

గొడవల్లో ఎక్కువ శాతం ఇక్కడే పుడతాయి. ఫోన్‌లో "సరే మేడమ్, నెలకు ఐదు వేలు కట్టండి" అన్నారంటే ప్లాన్ కుదిరినట్టు కాదు. కలెక్షన్ వాళ్ల భాషలో దాన్ని పీటీపీ అంటారు, అంటే ఫలానా రోజు కడతానని మీరు ఇచ్చిన మాట. వాళ్లు మీకు ఇచ్చిన మాట అందులో ఏమీ లేదు.

సంస్థ లెటర్‌హెడ్ మీద గానీ, అధికారిక ఈమెయిల్ నుంచి గానీ వచ్చిన లేఖ కావాలి. ఏజెంట్ వాట్సాప్‌లో పంపిన ఫొటో చాలదు. లేఖలో ఇవి ఉన్నాయో లేదో చూసుకోండి:

- లోన్ లేదా కార్డు ఖాతా నంబరు, మీ పేరు
- ఫలానా తేదీ నాటికి మొత్తం బాకీ ఎంత
- వాయిదా ఎంత, ఏ తేదీకి, ఎన్ని నెలలు
- ప్లాన్ నడిచినంత కాలం వడ్డీ, పెనాల్టీ చార్జీలు పడతాయా, ఆగుతాయా
- ఒక వాయిదా తప్పితే ఏమవుతుంది
- ఇది పూర్తి బాకీ తీర్చే ప్లానా, కొంత మాఫీ చేసే సెటిల్‌మెంటా
- సంతకం చేసిన అధికారి పేరు, హోదా

చివరి నుంచి రెండోది తేలిగ్గా తీసుకోవద్దు. పూర్తిగా కడితే క్రెడిట్ రిపోర్టులో ఖాతా "క్లోజ్డ్" అని వస్తుంది. తగ్గించి కడితే "సెటిల్డ్" అని వస్తుంది. తర్వాత లోన్‌కు వెళ్లినప్పుడు ఈ రెండో మాట చూసి చాలా బ్యాంకులు వెనక్కి తగ్గుతాయి. చేతిలో డబ్బు లేనప్పుడు సెటిల్‌మెంట్ తప్పు కాదు, కానీ తెలిసి చేయాలి.

లేఖ ఇవ్వకపోతే మీరే ఈమెయిల్ పంపండి. ఈ మాత్రం రాస్తే చాలు:

"నా లోన్ ఖాతా నంబరు ఫలానా. ఫలానా తేదీన మీ బ్రాంచిలో ఫలానా అధికారితో మాట్లాడినప్పుడు నెలకు రూ. ... చొప్పున, ప్రతి నెలా ... తేదీన, ... నెలలు కట్టేందుకు అంగీకారం కుదిరింది. దీన్ని రాతపూర్వకంగా ధ్రువీకరించగలరు. ఈ వివరాలను మీ రికవరీ విభాగానికి, ఏజెన్సీకి కూడా తెలియజేయగలరు."

బాకీ బాగా పాతదైతే, అంటే చివరిసారి కట్టి మూడేళ్లు దాటి ఉంటే, సంతకం పెట్టేముందు ఒక లాయరును అడగండి. బాకీ ఉందని కొత్తగా రాసిచ్చే కాగితానికి కాలపరిమితి చట్టంలో చాలా బరువుంది. డబ్బు ఖర్చుపెట్టే పని లేదు, జిల్లా న్యాయసేవాధికార సంస్థలో సలహా ఉచితంగానే ఇస్తారు.

## 2. పాత ఆటో డెబిట్‌ను ఆపించండి

చాలామంది మరిచిపోయే మెట్టు ఇది. ప్లాన్ ప్రకారం నెలకు నాలుగు వేలు కడుతుంటారు. పాత ఈఎంఐ తొమ్మిది వేలకు ఇచ్చిన నాచ్ మాండేట్, అంటే ఖాతాలోంచి ప్రతి నెలా వాయిదా దానంతటదే తీసుకోమని ఇచ్చిన అనుమతి, మాత్రం అలాగే బతికి ఉంటుంది. ఐదో తారీఖు రాగానే తొమ్మిది వేల కోసం ఖాతాను తడుతుంది. డబ్బు ఉండదు, బౌన్స్ అవుతుంది. మీ బ్యాంకు ఒక చార్జీ వేస్తుంది, లోన్ ఇచ్చిన సంస్థ ఇంకో చార్జీ వేస్తుంది. బౌన్స్ పడగానే మీ పేరు మళ్లీ ఏజెంట్ లిస్టులోకి వస్తుంది.

పైగా చెక్కు బౌన్స్‌లాగే మాండేట్ బౌన్స్ మీద కూడా కేసు వేయడానికి 2007 నాటి పేమెంట్ అండ్ సెటిల్‌మెంట్ సిస్టమ్స్ చట్టంలో 25వ సెక్షన్ ఉంది. కాబట్టి:

- పాత మాండేట్ రద్దు చేసి, ప్లాన్‌లో ఉన్న వాయిదాకే కొత్తది పెట్టమని సంస్థకు రాయండి
- ప్లాన్ లేఖ జతచేసి, మీ ఖాతా ఉన్న బ్యాంకులో కూడా మాండేట్ రద్దుకు దరఖాస్తు ఇవ్వండి
- లోన్ తీసుకున్నప్పుడు ఇచ్చిన ఖాళీ చెక్కుల నంబర్లు వెతికి రాసుకోండి, వాటిని వాడబోమని లేఖలో రాయమని అడగండి

జీతం పడే ఖాతా, లోన్ ఒకే బ్యాంకులో ఉంటే ఇంకో చిక్కు ఉంది. బాకీ కింద ఖాతాలోని డబ్బును జమ చేసుకునే హక్కు బ్యాంకులు లోన్ పత్రాల్లో రాసుకుంటాయి. ప్లాన్ నడుస్తుండగా అలా చేయబోమని లేఖలో రాయించుకోగలిగితే మంచిది. కుదరకపోతే ఇంటి ఖర్చుల డబ్బు ఇంకో బ్యాంకులో ఉంచుకోండి.

## 3. డబ్బు ఎలా కట్టాలి

నియమం ఒక్కటే: డబ్బు నేరుగా లోన్ ఖాతాలోకే వెళ్లాలి. సంస్థ యాప్, వెబ్‌సైట్, బ్రాంచి కౌంటర్, లేఖలో ఇచ్చిన ఖాతాకు నెఫ్ట్, వీటిలో ఏదైనా ఫర్వాలేదు.

"అన్నా, నా నంబర్‌కి ఫోన్‌పే కొట్టు, నేను ఆఫీసులో జమ చేస్తా" అంటే వద్దనండి. అతను మంచివాడా కాదా అన్నది కాదు ప్రశ్న. ఆ డబ్బు మీ ఖాతాలో పడకపోతే మీరు కట్టనట్టే లెక్క. ఏ కారణం వల్లనైనా నగదు ఇవ్వాల్సి వస్తే సంస్థ పేరు, నంబరు ముద్రించి ఉన్న రసీదు అక్కడికక్కడే తీసుకోండి. తెల్ల కాగితం మీద సంతకం రసీదు కాదు.

గడువుకు రెండు మూడు రోజుల ముందే కట్టండి. ఆదివారం, పండగ, సర్వర్ డౌన్ అన్నీ ఆ చివరి రోజే వస్తాయి.

కట్టగానే యూటీఆర్ నంబరు (ఆ చెల్లింపు గుర్తింపు నంబరు) కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసి, "ఫలానా నెల ప్లాన్ వాయిదా చెల్లించాను" అని సంస్థ ఈమెయిల్‌కు పంపండి. మూడు నెలలకోసారి లోన్ స్టేట్‌మెంట్ తెప్పించి, కట్టినదంతా జమ అయిందా, కొత్త చార్జీలు ఏమైనా దూరాయా చూడండి. పాతబడ్డాక తీయించడం కన్నా కనిపించగానే అడగడం తేలిక.

## 4. ఫోన్ వచ్చినప్పుడు

సంభాషణ సాధారణంగా ఇలా మొదలవుతుంది:

"సార్, మీది లక్షా నలభై వేలు పెండింగ్ ఉంది. సాయంత్రంలోగా కట్టకపోతే మా టీమ్ ఇంటికి వస్తుంది."

"మీ పేరు, ఏజెన్సీ పేరు, ఏ సంస్థ తరఫున చేస్తున్నారో చెప్పండి. ఈ కాల్ రికార్డు చేస్తున్నాను."

"పేరెందుకు సార్, డబ్బు ఎప్పుడు కడతారో చెప్పండి."

"ఈ ఖాతాకు సంస్థతో రాతపూర్వకంగా ప్లాన్ ఉంది. లేఖ తేదీ ఫలానా. ఈ నెల వాయిదా కట్టేశాను. లేఖ, రసీదు ఇదే నంబరుకు పంపిస్తాను. ఇంకేమైనా ఉంటే రాసి పంపండి."

అక్కడితో పెట్టేయండి. ఎందుకు అప్పు చేశారు, జీతం ఎంత, బంగారం లేదా, తమ్ముడు ఇవ్వడా, వీటిలో దేనికీ జవాబు చెప్పే పని లేదు. జవాబు చెప్పినకొద్దీ ఇంకో ప్రశ్నకు దారి ఇస్తున్నట్టే.

ఫోన్ పెట్టాక వెంటనే లేఖ, రసీదు పంపండి. తర్వాత ఒక నోటుపుస్తకంలో రాసుకోండి: తేదీ, టైము, ఏ నంబరు, పేరు, ఏమన్నాడు. ఫిర్యాదు వరకు వెళ్తే ఈ పుస్తకమే మీ సాక్షి.

ఆర్‌బీఐ 2022 ఆగస్టు 12న ఇచ్చిన సర్క్యులర్ ప్రకారం వసూలు కోసం ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత ఫోన్ చేయకూడదు. ఊపిరాడకుండా పదే పదే చేయకూడదు. బెదిరించడం, బూతులు తిట్టడం, నలుగురిలో పరువు తీయడం, అబద్ధాలు చెప్పి భయపెట్టడం నిషేధం. గ్రూపు లోన్ లాంటి మైక్రోఫైనాన్స్ రుణాలకు టైము ఇంకా తక్కువ: ఉదయం 9 నుంచి సాయంత్రం 6 వరకే.

ఇక్కడ జరిగే పొరపాట్లు:

- నంబరు మార్చేయడం, అన్నీ బ్లాక్ చేయడం. మీరు దొరకడం లేదని ఫైల్లో రాసుకుంటారు. అసలైన నోటీసులు కూడా మీకు చేరవు. బ్లాక్ చేసే బదులు, ఇకపై ఈమెయిల్‌లోనే మాట్లాడమని సంస్థకు రాయండి.
- ఒత్తిడికి లొంగి "రెండు వేలు ఎక్స్‌ట్రా వేస్తా" అనడం. ఈ నెల వేస్తే వచ్చే నెల నాలుగు వేలు అడుగుతారు. ప్లాన్‌లో ఉన్నదే కట్టండి.
- తిరిగి తిట్టడం. రికార్డింగ్ వాళ్ల దగ్గరా ఉంటుంది.
- ఓటీపీ చెప్పడం, లింకు నొక్కడం. రికవరీ పేరుతో మోసగాళ్లూ ఫోన్ చేస్తున్నారు.

## 5. ఇంటికి వస్తే

గేటు దగ్గరే మాట్లాడండి. లోపలికి రానివ్వాల్సిన బాధ్యత మీకు లేదు. ముందు రెండు కాగితాలు అడగండి: గుర్తింపు కార్డు, సంస్థ ఇచ్చిన ఆథరైజేషన్ లెటర్. ఏజెంట్ ఇవి వెంట తెచ్చుకోవాలి. రెండూ ఫొటో తీసుకుని, సంస్థ కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి ఈ మనిషి మీవాడేనా అని అక్కడే అడగండి. చాలామంది ఈ పాటికే "మళ్లీ వస్తాం" అని వెళ్లిపోతారు.

కాగితాలు సరిగ్గా ఉంటే ప్లాన్ లేఖ జిరాక్స్, ఆ నెల రసీదు జిరాక్స్ చేతిలో పెట్టండి. తలుపు పక్కన ఒక కవర్లో రెండు మూడు సెట్లు ఉంచితే, మీరు లేనప్పుడు అమ్మగారో పిల్లలో అయినా ఇచ్చేయగలరు. వాళ్లకు ఒక్క మాట నేర్పండి: "కాగితం ఇదండీ, మిగతాది ఆయనతోనే మాట్లాడండి."

ఏ పరిస్థితిలోనూ చేయకూడనివి:

- ఖాళీ కాగితం, ఖాళీ చెక్కు మీద సంతకం
- ఒరిజినల్ పత్రాలు, ఏటీఎం కార్డు, ఫోన్ ఇవ్వడం
- బండి తాళాలు చేతిలో పెట్టడం, "ఇష్టపూర్వకంగా అప్పగిస్తున్నాను" అన్న ఫారం మీద సంతకం

బండి లోన్‌లో, వాయిదాలు తప్పితే బండిని తీసుకునే షరతు ఒప్పందంలో ఉంటుంది. దానికి నోటీసు ఇవ్వాలి, పద్ధతి పాటించాలి. మనుషుల్ని పెట్టి బలవంతంగా లాక్కోవడాన్ని సుప్రీంకోర్టు 2007లోనే గట్టిగా తప్పుపట్టింది. రోడ్డు మీద అడ్డగిస్తే బండి లాక్ చేసి, వీడియో తీస్తూ 112కు ఫోన్ చేయండి.

## 6. చుట్టాలకు, ఆఫీసుకు ఫోన్ చేస్తే

కో-బారోవర్‌కు (మీతో కలిసి లోన్ తీసుకున్నవారికి), జామీను ఉన్నవారికి ఫోన్ చేయవచ్చు, బాకీలో వాళ్లకూ బాధ్యత ఉంది. అందుకే ప్లాన్ లేఖ కాపీ వాళ్లకు మొదటిరోజే ఇవ్వండి. రిఫరెన్సుగా పేరు ఇచ్చిన స్నేహితుడు, పక్కింటివాళ్లు, ఆఫీసులో బాస్, వీళ్లకు బాకీతో సంబంధం లేదు. వాళ్లను వేధించడం నిబంధనలకు విరుద్ధం.

అలా ఫోన్ వెళ్తే సిగ్గుపడి దాచుకోకుండా ఆ మనిషిని రెండు అడగండి: కాల్ లాగ్ స్క్రీన్‌షాట్, ఏమన్నారో ఒక మెసేజ్ రూపంలో. ఫిర్యాదులో అన్నిటికంటే బలంగా పనిచేసేవి ఇవే.

## 7. "కోర్టు నోటీసు" వస్తే

లోన్ కట్టలేకపోవడం నేరం కాదు, సివిల్ వ్యవహారం. ఆ కారణంతోనే పోలీసులు వచ్చి అరెస్టు చేయరు. వాట్సాప్‌లో అశోక స్తంభం గుర్తుతో, ఎర్ర అక్షరాలతో "అరెస్టు వారంట్" పీడీఎఫ్ వచ్చిందంటే అది బెదిరింపే. కేసు నంబరు ఉంటే ఈ-కోర్ట్స్ యాప్‌లో కొట్టి చూడండి.

అయితే అన్నీ ఉత్తుత్తివే అనుకోవద్దు. వీటిని మాత్రం పక్కన పడేయకూడదు:

- చెక్కు బౌన్స్ నోటీసు. ఇది క్రిమినల్ కేసు అవుతుంది. నోటీసు అందాక 15 రోజుల గడువు ఉంటుంది. ప్లాన్ నడుస్తుండగా చెక్కు వేశారని లాయరుతో వెంటనే జవాబు పంపించాలి.
- ఇల్లు తాకట్టు ఉంటే సర్ఫేసీ చట్టం (తాకట్టు ఆస్తిని బ్యాంకు స్వాధీనం చేసుకునే చట్టం) 13(2) నోటీసు. 60 రోజుల గడువు. ప్లాన్ లేఖ జతచేసి అభ్యంతరం రాస్తే బ్యాంకు 15 రోజుల్లో జవాబివ్వాలి.
- ఆర్బిట్రేషన్ నోటీసు, అంటే కోర్టు బయట మధ్యవర్తి ముందు జరిగే విచారణకు పిలుపు. వెళ్లకపోతే మీరు లేకుండానే అవార్డు (తీర్పు) ఇచ్చేస్తారు.
- లోక్ అదాలత్ పిలుపు. భయపడాల్సింది కాదు. అక్కడ రాజీ కుదిరితే అది కోర్టు డిక్రీతో సమానం, కాబట్టి కట్టగలిగిన మొత్తానికే ఒప్పుకోండి.

## 8. ఒక వాయిదా కట్టలేకపోతే

గడువు దాటాక చెప్పే కారణానికీ, గడువుకు ముందు పంపిన ఈమెయిల్‌కూ తేడా చాలా ఉంటుంది. కట్టలేనని తెలిసిన రోజే రాయండి: ఎంత తగ్గుతోంది, ఎందుకు, మిగతాది ఎప్పుడు. ఆస్పత్రి బిల్లో, జీతం ఆగిన లేఖో ఉంటే జతచేయండి. చేతిలో ఉన్నంత ఆ తేదీకి కట్టేయండి. సవరించిన తేదీలతో కొత్త లేఖ అడగండి.

ఇంకో యాప్‌లో అప్పు చేసి ఈ వాయిదా కట్టొద్దు. నెలాఖరుకు ఇద్దరు ఏజెంట్లు తయారవుతారు.

## 9. ఫిర్యాదు: ఏ మెట్టు ముందు

1. సంస్థ ఫిర్యాదుల అధికారికి ఈమెయిల్. గ్రీవెన్స్ రిడ్రెసల్ ఆఫీసర్ లేదా నోడల్ ఆఫీసర్ వివరాలు వాళ్ల వెబ్‌సైట్లో ఉంటాయి. ప్లాన్ లేఖ, రసీదులు, కాల్ లిస్టు, రికార్డింగ్ జతచేయండి. కోరేది స్పష్టంగా రాయండి: ఏజెన్సీకి ప్లాన్ తెలియజేయాలి, ఫలానా నంబర్ల నుంచి ఫోన్లు ఆగాలి, తప్పుగా వేసిన చార్జీలు తీసేయాలి. ఫిర్యాదు పెండింగ్‌లో ఉండగా ఖాతాను రికవరీ ఏజెన్సీకి పంపొద్దని ఆర్‌బీఐ 2008లోనే బ్యాంకులకు చెప్పింది. ఆ మాట కూడా రాయండి. ఫిర్యాదు నంబరు తీసుకోండి.
2. ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్, అంటే బ్యాంకుల మీద ఫిర్యాదులు తేల్చే అధికారి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా ఆర్‌బీఐ ఫిర్యాదుల వెబ్‌సైట్ సీఎంఎస్ పోర్టల్‌లో పెట్టొచ్చు. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. సందేహాలకు 14448. మొదటి మెట్టు ఎక్కకుండా నేరుగా ఇక్కడికి వస్తే తిప్పి పంపిస్తారు. చాలా ఫిర్యాదులు పోయేది ఇలాగే.
3. పోలీసులు. కొడతామన్నా, ఇంట్లోకి చొరబడినా, ఆడవాళ్లతో అసభ్యంగా మాట్లాడినా 30 రోజులు ఆగే పని లేదు. వెంటనే 112. మార్ఫింగ్ ఫొటోలు, ఆన్‌లైన్ బెదిరింపులు అయితే 1930 లేదా సైబర్ క్రైమ్ పోర్టల్.

ఈ ఒత్తిడి తట్టుకోలేక మనసు చెడు ఆలోచనల వైపు పోతుంటే 14416కు ఫోన్ చేయండి. టెలీ మానస్ ఉచిత సేవ, తెలుగులో మాట్లాడతారు, ఏ వేళలోనైనా చేయొచ్చు. ఇంట్లో ఒక్కరికైనా చెప్పండి.

## 10. అప్పు బ్యాంకుది కాకపోతే

లోన్ యాప్. యాప్ వెనక ఏ బ్యాంకు లేదా ఎన్‌బీఎఫ్‌సీ (బ్యాంకు కాని ఫైనాన్స్ కంపెనీ) ఉందో లోన్ పత్రంలో చూడండి. ప్లాన్ ఆ సంస్థతోనే కుదుర్చుకోవాలి, డబ్బు ఆ సంస్థ ఖాతాకే పోవాలి. ఏజెంట్‌ను పెడితే అతని వివరాలు ముందే మీకు మెసేజ్ లేదా ఈమెయిల్‌లో పంపాలి. వెనక ఏ సంస్థా లేదంటే అది దొంగ యాప్, అక్కడ ప్లాన్ మాటే లేదు, నేరుగా 1930.

గ్రూపు లోన్. మీ ఒక్కరి వాయిదా తగ్గించారని సెంటర్ మీటింగ్‌లో మిగతా ఆడవాళ్లతో మాటలు పడేలా చేస్తారు. ఫీల్డ్ ఆఫీసర్ మాట మీద ఆగకుండా బ్రాంచి మేనేజర్ సంతకంతో తీసుకోండి, పాస్‌బుక్‌లో కొత్త వాయిదా రాయించండి.

ప్రామిసరీ నోటు మీద తెచ్చిన చేబదులు. ఇక్కడ ఆర్‌బీఐ లేదు, అంబుడ్స్‌మన్ లేడు. ఇచ్చిన ప్రతిసారీ నోటు వెనక చెల్లు వేయించి, ఫొటో తీసుకోండి. వీలైతే నగదు మానేసి బ్యాంకు ద్వారా పంపండి. బాకీ తీరాక నోటు వెనక్కి తీసుకుని చించేయడం మీ కళ్ల ముందే జరగాలి.

## 11. చివరి వాయిదా కట్టాక

డబ్బు కట్టేశాం కదా అని ఊరుకుంటే రెండేళ్ల తర్వాత "రూ. 640 బాకీ" అని ఇంకో ఏజెన్సీ ఫోన్ చేస్తుంది. ఇవన్నీ చేతికి రావాలి:

- నో డ్యూస్ సర్టిఫికెట్, బాకీ సున్నా అని చూపే స్టేట్‌మెంట్
- వాడని చెక్కులు
- మాండేట్ రద్దయినట్టు ధ్రువీకరణ
- బండి అయితే ఆర్‌సీలో హైపోథికేషన్ (బండి మీద లోన్ ఉందన్న నమోదు) తీయించడానికి ఫారం 35, సంస్థ ఇచ్చే ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం)
- ఇల్లు అయితే ఒరిజినల్ దస్తావేజులు. పూర్తిగా తీరిన 30 రోజుల్లో ఇవ్వాలి. తమ తప్పుతో ఆలస్యం చేస్తే రోజుకు రూ. 5,000 చొప్పున సంస్థ మీకు కట్టాలి.

ఒకటి రెండు నెలలు ఆగి సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ సంస్థల నుంచి క్రెడిట్ రిపోర్టులు తీయండి. ఏడాదికోసారి ప్రతి సంస్థా ఒక రిపోర్టు ఉచితంగా ఇస్తుంది. ఖాతా ఇంకా బాకీ ఉన్నట్టు కనిపిస్తే నో డ్యూస్ జతచేసి సరిచేయమని పెట్టండి. 30 రోజుల్లో పరిష్కరించకపోతే ఆపై రోజుకు రూ. 100 పరిహారం అడగవచ్చు.